‘ఇంకా ఆడకూడదు’ అని చెప్పగలిగిన క్లినిక్

విజయనగరంలో ఎముకల డాక్టర్లకు కొదవ లేదు. విరిగిన చేయి అతికించడానికి, తుంటి ఎముకకు ప్లేటు వేయడానికి మన ఊళ్లోనే సమర్థులైన వైద్యులున్నారు. అయితే ఆటలో మోకాలు దెబ్బతిన్న పదిహేనేళ్ల పిల్లను తీసుకెళ్లి ‘ఈ అమ్మాయి మళ్లీ ఆడాలి’ అని అడిగితే, ఆ మాటను పట్టించుకునేవారు తక్కువ. ‘ఆటలు మాన్పించండి, చదువు చూసుకోమనండి’ అన్న సలహాయే ఎక్కువగా వినిపిస్తుంది. ఆడపిల్ల అయితే మరీను. మా బడి పిల్లను నేను తీసుకెళ్లిన, మన ఊళ్లోని ఈ ఎముకల క్లినిక్‌లో ఆ మాట ఒక్కరూ అనలేదు. పిల్లల్ని ఆడించే తల్లిదండ్రులకు, నాతోటి వ్యాయామ ఉపాధ్యాయులకు పనికొస్తుందని ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను నెల్లిమర్ల మండలంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వ్యాయామం నేర్పుతాను. మా మండలంలోనే ఉన్న కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్ల ఊరు. పక్క జిల్లాలోని ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ అయ్యారు. మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు గారు వ్యాయామ శిక్షకుడిగా పనిచేసింది విజయనగరంలోనే. ఇంత చరిత్ర ఉన్న ప్రాంతంలో ఆటగాళ్ల కీళ్లను ప్రత్యేకంగా చూసే వైద్యం కోసం మొన్నమొన్నటిదాకా విశాఖపట్నం పరుగెత్తేవాళ్లం. ఆపరేషన్ కోసం ఒకసారి వెళ్లిరావడం ఎలాగో అయ్యేది. ఆ తర్వాత నెలల తరబడి చేయించాల్సిన ఫిజియోథెరపీకి రోజూ అరవై కిలోమీటర్లు వెళ్లి రావడం కూలి చేసుకునే ఇళ్లలో సాగేది కాదు. రెండు వారాలు వెళ్లి మానేసేవారు. అలా ఆట వదిలేసిన పిల్లలు నాకు తెలుసు.

మా పదో తరగతి అమ్మాయి ఒకతె కబడ్డీలో మంచి రైడర్. తండ్రి జూట్ మిల్లు కార్మికుడు. సాధన ఆటలో అవతలి జట్టు అమ్మాయిని ముట్టుకుని, గీత వైపు తిరిగి రావడానికి ఎడమ పాదం మీద ఒక్కసారి మలుపు తీసుకుంది. పాదం నేలలోనే ఉండిపోయింది, మోకాలు లోపలికి మెలితిరిగింది. అప్పుడు తన మీద ఎవరి చేయీ లేదు. లోపల ‘టప్’మన్న శబ్దం తనకే వినిపించిందట. సాయంత్రానికల్లా మోకాలు ఉబ్బిపోయింది.

తండ్రి మొదట దగ్గర్లో ఉన్న ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఎక్స్‌రే తీసి, ఎముక విరగలేదు కాబట్టి భయం లేదని చెప్పి, బ్యాండేజీ చుట్టి మాత్రలిచ్చి పంపారు. వాపు తగ్గింది, నడక బాగుపడింది. కానీ మెట్లు దిగేటప్పుడు, పక్కకు తిరిగేటప్పుడు ‘మోకాలు జారిపోతోంది మేడమ్’ అనేది. ఇంట్లో పెద్దలు నూనె మర్దన చేయించి నాటు కట్టు కట్టిద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. తండ్రితో మాట్లాడి ఇద్దరినీ వెంటబెట్టుకుని ఇక్కడికి వచ్చాను.

డాక్టరు గారు నన్నూ, తండ్రినీ కూర్చోమని, ప్రశ్నలన్నీ అమ్మాయినే అడిగారు. కాలు ఎటు తిరిగింది, శబ్దం వినిపించిందా, వాపు ఎంతసేపటికి వచ్చింది, ఆ తర్వాత ఎన్నిసార్లు జారింది అని. కొద్ది గంటల్లోనే మోకాలు ఉబ్బితే కీలు లోపల రక్తం చేరిందని అర్థం చేసుకోవాలట. మరుసటి రోజు మెల్లగా వచ్చే వాపు వేరు. ఈ ఒక్క సంగతి వ్యాయామ ఉపాధ్యాయులందరికీ తెలిసి ఉండాలి.

తర్వాత బల్ల మీద పడుకోబెట్టి ముందుగా బాగున్న కుడి మోకాలిని పరీక్షించారు. ఎందుకని అడిగాను. ‘ఈ అమ్మాయి మోకాలు సహజంగా ఎంత కదులుతుందో తెలియకుండా, దెబ్బ తగిలినది ఎంత కదలకూడదో ఎలా తెలుస్తుందండీ?’ అన్నారు. మోకాలిని కొద్దిగా, ఇరవై ముప్పై డిగ్రీలు వంచి, ఒక చేత్తో తొడను కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో మోకాలి కింది భాగాన్ని ముందుకు లాగారు. కుడికాలు కాస్త కదిలి, బిగించిన తాడు చివర ఆగినట్టు టక్కున ఆగింది. ఎడమకాలు ఆగలేదు, మెత్తగా ముందుకు వచ్చేసింది. పక్కన నిలబడ్డ నాకే తేడా స్పష్టంగా కనిపించింది. లాక్‌మన్ పరీక్ష అంటారట. దీనికి యంత్రం అక్కర్లేదు. మొదట వెళ్లిన చోట ఆ మోకాలిని ఎవరూ ఇలా చేత్తో పరీక్షించలేదు.

తెగింది ఏసీఎల్ అనే లిగమెంట్. తొడ ఎముకనూ దాని కింది ఎముకనూ కీలు లోపల ఐమూలగా కలిపి ఉంచుతుంది. కింది ఎముక ముందుకు జారకుండా, మెలితిరిగినప్పుడు కీలు అదుపు తప్పకుండా చూస్తుంది. తిన్నగా నడవడానికి దాని అవసరం తక్కువ, మలుపు తిరగడానికి చాలా ఎక్కువ. కబడ్డీ అంతా మలుపులే కదా. లిగమెంట్లు ఎక్స్‌రేలో కనబడవు కాబట్టి ‘ఎముక బాగుంది’ అన్న మాటతో ఇలాంటి గాయం బయటపడదు. ఎమ్మారై రాశారు గానీ, తెగిందో లేదో తేల్చుకోవడం కోసం కాదని, ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ కూడా చిరిగిందేమో చూడటానికని చెప్పారు. అదృష్టవశాత్తు చిరగలేదు. ఎదిగే వయసు కాబట్టి ఎక్స్‌రేలో ఎముకల చివర ఎదుగుదల ఇంకా మిగిలి ఉందా అన్నది కూడా చూశారు. అది మిగిలి ఉంటే ఆపరేషన్ చేసే పద్ధతి మారుతుందట.

ఆపరేషన్ అందరికీ తప్పనిసరి కాదని ఆయనే చెప్పారు. కూర్చుని పనిచేసేవారు, మలుపుల ఆటలు ఆడనివారు కండరాలు బలపరచుకుని హాయిగా తిరగవచ్చు. ఈ అమ్మాయి వయసు, ఆట, మోకాలు పదేపదే జారడం చూస్తే, అలాగే వదిలేస్తే మెనిస్కస్ కూడా దెబ్బతింటుందని వివరించారు. తండ్రి ‘ఎంతవుతుంది బాబూ’ అని అడిగితే విసుక్కోకుండా ఖర్చంతా ఒక కాగితం మీద విడివిడిగా రాసిచ్చారు. తేదీ మాత్రం వెంటనే ఇవ్వలేదు. కాలు పూర్తిగా చాపగలగాలి, వాపు పోవాలి, తొడ బలం రావాలి, అప్పుడే ఆపరేషన్ అన్నారు. బిగుసుకుపోయిన మోకాలికి ఆపరేషన్ చేస్తే అది ఆ తర్వాతా బిగుసుకునే ఉండే ప్రమాదం ఉందట. కొన్ని వారాలు ఇక్కడే వ్యాయామం చేయించాకే ఆపరేషన్ జరిగింది. ఆయనే విశాఖపట్నంలోని ఒక ఆసుపత్రిలో చేశారు. చిన్న రంధ్రాల గుండా కెమెరా పెట్టి, తొడ వెనక కండరాలను ఎముకకు కలిపే తాడులాంటి టెండన్ తీసి కొత్త లిగమెంట్‌గా అమర్చారు.

ఈ క్లినిక్ అసలు గొప్పతనం నాకు కింది అంతస్తులోని ఫిజియోథెరపీ హాలులో కనిపించింది. నొప్పి తగ్గించే కరెంటు యంత్రం, ఐసు ప్యాకులు, సైకిలు, గోడకు కర్ర నిచ్చెన, నేల మీద చాపలు ఉన్నాయి. చాలా చోట్ల ఫిజియో అంటే ఆ యంత్రం తగిలించి పావుగంట పడుకోబెట్టి పంపడమే. ఇక్కడి ఫిజియో మేడమ్ మొదటి రోజే చెప్పేశారు: ‘యంత్రం నొప్పి తగ్గిస్తుందమ్మా, బలం ఇవ్వదు. బలం నువ్వు తెచ్చుకోవాలి.’

ఆపరేషన్ తర్వాత మొదటి వారాల్లో చేయించిన ఒక వ్యాయామం చూడాలి. మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మోకాలి వెనక భాగాన్ని బల్లకు నొక్కుతూ తొడ బిగించమంటారు. చూసేవారికి అసలు ఏమీ జరుగుతున్నట్టు ఉండదు. కబడ్డీ కోర్టులో ముగ్గురిని ఈడ్చుకొచ్చే పిల్లకు ఆ ఒక్క పనికి నుదుటి మీద చెమట పట్టింది. కీలులో వాపు, నొప్పి ఉంటే తొడ కండరం మనం చెప్పినా బిగుసుకోదట. మేడమ్ మోకాలి చిప్పకు కాస్త పైన, లోపలి వైపు రెండు వేళ్లు ఆనించి ‘ఇక్కడ, నా వేళ్ల కింద గట్టిపడాలి’ అంటూ ఎదురుచూశారు. తొందరపెట్టలేదు. ఫోను చూసుకోలేదు. చాలాసేపటికి వేళ్లు కొద్దిగా పైకి లేచాయి. ‘వచ్చింది, మళ్లీ’ అన్నారు. అమ్మాయి ముఖం వెలిగిపోయింది.

కొలతలు కూడా నికరంగా తీస్తారు. చిప్ప పై అంచు నుంచి 15 సెంటీమీటర్లు కొలిచి పెన్నుతో గీత పెట్టి, ఆ గీత మీద టేపు చుట్టి రెండు తొడల చుట్టుకొలతా రాస్తారు. ఆపరేషన్ అయిన కాలు ఎంత సన్నబడిందో, ఎంత పుంజుకుంటోందో ఆ పుస్తకం తీస్తే తెలుస్తుంది. తండ్రికి చదువు అంతంతమాత్రం. అయినా అంకెలు చూసి ‘ఈసారి పెరిగింది మేడమ్ గారూ’ అని నాకు ఫోను చేసి చెప్పేవాడు.

మూడో నెలలో పిల్లలను కాచుకోవాలని వాళ్లు గట్టిగా హెచ్చరించారు. అమర్చిన టెండన్‌లోకి కొత్త రక్తనాళాలు పాకి, అది లిగమెంట్‌గా మారే క్రమంలో ముందు బలహీనపడి ఆ తర్వాత బలపడుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే నొప్పి పోయి, నడక బాగుపడి, పిల్లలకు ధైర్యం వచ్చేస్తుంది. మా అమ్మాయి కూడా కోర్టు గీత దగ్గర నిలబడి ‘ఒక్కసారి కూత పెట్టి వస్తాను’ అని బతిమాలింది. క్లినిక్ వాళ్లు ముందే చెప్పి ఉంచడం వల్ల నేను గట్టిగా నిలబడగలిగాను.

అసలు పరీక్ష ఏడో నెలలో వచ్చింది. స్కూల్ గేమ్స్ జిల్లా ఎంపికలు దగ్గరపడ్డాయి. అమ్మాయి పరుగెడుతోంది, గుంజీలు తీస్తోంది, చూసేవారికి ఏ లోపమూ కనబడదు. ఆడవచ్చని డాక్టరు కాగితం రాసిస్తే చాలు. తండ్రికి ఆశ, ఊళ్లో అందరి ఒత్తిడి, నాకూ ఆ జట్టు మీద మమకారం. డాక్టరు గారు కాదనలేదు, ఔననలేదు. హాలులోకి పంపి గెంతుల పరీక్ష పెట్టించారు. నేల మీద టేపు అతికించి ఉంటుంది. ఒంటికాలితో ఒక గెంతు, వరసగా మూడు గెంతులు, గీతకు అటూ ఇటూ దాటుతూ గెంతులు, ఆరు మీటర్ల దూరం ఎంత సమయంలో గెంతిందో గడియారంతో లెక్క. ప్రతిదీ ముందు కుడికాలు, తర్వాత ఎడమకాలు. బాగున్న కాలితో పోలిస్తే కనీసం 90 శాతం రావాలి. నాలుగు పరీక్షల్లో మూడింటిలో రాలేదు. పైగా దిగేటప్పుడు ఎడమ మోకాలు లోపలికి వాలుతోందని ఫోనులో తీసి నెమ్మదిగా నడిపించి చూపించారు. దెబ్బ తగిలిన రోజు కూడా మోకాలు అలాగే లోపలికి వంగింది.

డాక్టరు గారు మమ్మల్ని కూర్చోబెట్టి 2016లో వెలువడిన ఒక పరిశోధన గురించి చెప్పారు. నార్వేలోని ఆస్లోలో, అమెరికాలోని డెలావేర్‌లో కలిపి చేసినది. తొమ్మిది నెలల వరకు, ఆటలోకి తిరిగి వెళ్లడాన్ని ఒక్కో నెల వాయిదా వేసినకొద్దీ మళ్లీ మోకాలి గాయమయ్యే రేటు 51 శాతం చొప్పున తగ్గిందట. అందుకని తొమ్మిది నెలలు నిండాలి, పరీక్షలో నెగ్గాలి, రెండూ జరిగాకే కాగితం అన్నారు. అమ్మాయి ఏడ్చింది. ఆయన టిష్యూ ఇచ్చి, ‘ఈ ఏడాది ఎంపిక పోతే వచ్చే ఏడాది ఉంటుందమ్మా. ఈ లిగమెంట్ మళ్లీ తెగితే రెండో ఆపరేషన్ మొదటిదానంత బాగా కుదరదు’ అన్నారు. కాగితం రాసిచ్చి మంచివాడనిపించుకోవడం ఆయనకు క్షణం పని. అలా చేయలేదు. ఈ క్లినిక్ మీద నా గౌరవం ఆ రోజు స్థిరపడింది. పదో నెల దాటాక అన్ని గెంతుల్లోనూ నెగ్గింది, కాగితమూ వచ్చింది. ఇప్పుడు కాలేజీ జట్టులో ఆడుతోంది.

మరో మేలు కూడా జరిగింది. ఇదే ఆటలో అబ్బాయిలకంటే అమ్మాయిలకు ఈ లిగమెంట్ తెగే ప్రమాదం కనీసం రెండు రెట్లు ఎక్కువని డాక్టరు గారు చెబితే, మరి తెగకుండా మేమేం చేయాలని అడిగాను. ఫుట్‌బాల్ ఆటగాళ్ల కోసం తయారైన ‘ఫిఫా 11+’ అనే ఇరవై నిమిషాల సన్నాహక వ్యాయామాన్ని మా కబడ్డీ పిల్లలకు తగ్గట్టు మార్చి, ఫిజియో మేడమ్ నాకు చేసి చూపించారు. ఎగిరి దిగేటప్పుడు మోకాలు పాదం వేళ్ల దిశలోనే ఉండాలి, లోపలికి పడకూడదు. మోకాళ్ల మీద నిలబడి, జతగాడు మడమలు పట్టుకోగా నెమ్మదిగా ముందుకు వాలాలి. ఒంటికాలి నిలకడ, మలుపుకు ముందు వేగం తగ్గించుకోవడం. ఇవన్నీ మా మైదానంలో ఇప్పుడు రోజూ చేయిస్తున్నాను. దీనికి ఆమె పైసా తీసుకోలేదు.

ఆటగాళ్లు కానివారి సంగతి కూడా ఒక మాట చెప్పాలి. మా అత్తగారిది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి. రెండు మోకాళ్లూ అరిగి, కింద కూర్చుంటే లేవలేని స్థితి. ఆమెను తీసుకెళ్లినప్పుడు డాక్టరు గారి మొదటి ప్రశ్న ‘మీది ఏ ఊరమ్మా?’ అని. కవిటి అనగానే కలం పక్కన పెట్టారు. ‘నొప్పికి ఏ మాత్రలు వేసుకుంటున్నారు?’ అని అడిగారు. ఆమె సంచిలోంచి మందుల షాపులో కొన్న ఖాళీ అట్ట తీసి చూపించింది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో మనకు తెలిసిందే, దానికి కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. సాధారణంగా కీళ్లకు వాడే నొప్పి మాత్రలు కిడ్నీలకు చేటు. కిడ్నీల పనితీరు తెలుసుకోవడానికి రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించి, ఆ ఫలితం చూశాకే మందు రాస్తానన్నారు. ఫలితం హద్దు దాటి వచ్చింది. ఆ మాత్రలన్నీ మాన్పించి, పారాసెటమాల్ మాత్రం రాసి, కిడ్నీ డాక్టరుకు చూపించమని చీటీ ఇచ్చారు. మోకాళ్ల కోసం వెళ్లిన మాకు అంతకంటే పెద్ద సంగతి తెలిసింది. ఉద్దానం వాళ్లు కీళ్ల నొప్పులకు ఎక్కడ చూపించుకున్నా, మీ ఊరి పేరు ముందుగా చెప్పండి, ఆ పరీక్ష అడిగి చేయించుకోండి.

అరిగిన గుజ్జును మళ్లీ పెంచుతామంటూ ఇంజెక్షన్ల ప్రకటనలు కనబడుతున్నాయి కదా, వేయించమంటారా అని అడిగాను. అరిగిపోయిన మృదులాస్థిని తిరిగి మొలిపించే మందు ఇంకా రాలేదని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఒక కిలో బరువు తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని చెప్పి, కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చునే వ్యాయామం నేర్పారు. కీలు మార్పిడి మాట ఆయనంతట ఆయన ఎత్తలేదు. అత్తగారే ‘చిప్పలు మార్చేస్తారేమోనని భయపడ్డాను బాబూ’ అంది. రాత్రి నొప్పితో నిద్ర పట్టని రోజు వస్తే అప్పుడు మాట్లాడుకుందామన్నారు.

ఇక లోపాలు. ఎముకల క్లినిక్‌లో డాక్టరు గది మొదటి అంతస్తులో ఉండటం నాకు అస్సలు నచ్చలేదు. లిఫ్టు లేదు. అత్తగారి కోసం ఆయనే కిందికి దిగి వచ్చి చూశారు, నిజమే. కానీ అడగడానికి మొహమాటపడి రెయిలింగు పట్టుకుని ఎక్కుతున్న ముసలివాళ్లను నేను చూశాను. గది కిందికి మార్చాలి, లేదా కింద చూస్తామని బోర్డు అయినా పెట్టాలి. ఆపరేషన్లకు విశాఖపట్నం వెళ్లే రోజుల్లో డాక్టరు గారు రాత్రి ఏడు దాటితేగానీ రారు. ఆ సంగతి ఫోనులో టోకెన్ ఇచ్చేవారు చెప్పరు. పల్లెల నుంచి వచ్చినవారికి తిరుగు బస్సు దొరకదు. మహిళా ఫిజియో మధ్యాహ్నం రెండు గంటల వరకే ఉంటారు. బడి పిల్లలు వచ్చేది సాయంత్రం. ఆడపిల్లలు తొడ కండరాల వ్యాయామాలకు మగ ఫిజియో దగ్గర ముడుచుకుపోతారు. మా అమ్మాయికి నేను ఉదయం బడి అనుమతి తీసుకుని పంపాను గానీ అందరికీ అది కుదరదు. ఇంటి దగ్గర చేయాల్సిన వ్యాయామాల కాగితం పూర్తిగా ఇంగ్లీషులో ఉంటుంది. నేను తెలుగులో రాసిచ్చిన ప్రతిని వాళ్లు తీసుకుని దాచారు. అచ్చు వేయించి అందరికీ ఇస్తే బాగుంటుంది.

చూసినందుకు నాలుగు వందలు, రెండు వారాల లోపు మళ్లీ వెళితే తీసుకోరు. ఫిజియో ఒక్కో రోజుకు మూడు వందలు, నెలకు కడితే బాగా తగ్గుతుంది. ప్రభుత్వ ఆరోగ్య కార్డు ఇక్కడ చెల్లదు కాబట్టి ఆపరేషన్ అవసరమైతే కార్డు చెల్లే చోటు ఏదో ముందే అడగండి, దాచకుండా చెబుతారు. పాత ఎక్స్‌రేలు, రిపోర్టులు, వాడుతున్న మందుల అట్టలు అన్నీ పట్టుకెళ్లండి. ఆటగాళ్లు మోకాలి పైదాకా వచ్చే నిక్కరు వేసుకుని వెళ్లాలి. దెబ్బ తగిలినప్పుడు పక్కనున్నవారు ఎవరైనా ఫోనులో తీసి ఉంటే ఆ వీడియో కూడా చూపించండి, డాక్టరు గారు దాన్ని అడిగి మరీ చూస్తారు.